ఒకే ఊరికి మూడు ఉత్తరాలు

నా ఉద్యోగంలో నాకు బాగా వచ్చిన పని ఒకటే, చావు ఉత్తరాలు రాయడం. మిషన్ ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగిపోయేదాకా ముప్పై ఏళ్ల పైచిలుకు ఆ పని చేశాను. రోగి పోతే డాక్టరు సంతకం పెడతాడు, నర్సు దుప్పటి కప్పుతుంది. దూరాన ఉన్నవాళ్లకు నాలుగు వాక్యాలు రాసి పంపేది మాత్రం నాలాంటి వాడే. ఇప్పుడు ఆసుపత్రి కొలువుల్లోకి వచ్చే పిల్లలకు ఈ బాధ లేదు, సెల్‌ఫోను తీసి చెప్పేస్తారు. మీకు నేర్పడానికి నా దగ్గర ఏ విద్యా లేదు. చేసిన తప్పు ఒకటి ఉంది, అది చెబుతాను. వినే ఓపిక మీకు ఉందో లేదో తెలియదు గానీ, చెప్పే ఓపిక నాకూ పెద్దగా లేదు.

ఈ ఉత్తరాల పని నాకు నేర్పింది మదనపల్లెలో మా పెద్ద గుమాస్తా. కలకడ మనిషి. పొడి దగ్గు, చెవి మీద పెన్సిలు. నేను చేరిన కొత్తలో ఒక ఉత్తరం రాసి, దాన్నే ముగ్గురికి నకలు తీసి పంపబోతే చేతిలోంచి లాక్కున్నాడు.

"ఇంటోళ్లకి ఒకటి, సంఘమోళ్లకి ఒకటి, స్నేహితులకి ఒకటి రాయల్ల అప్పా. ఒకరికి రాసిందే అందరికీ రాస్తే ఎవురికీ రాయనట్టే."

ఆయన పద్ధతి అది. ఇంటివాళ్లకు రాసే దాంట్లో నొప్పి అన్న మాట కనిపించకూడదు, నిద్రలో పోయారని రాయాలి. సంఘంవాళ్లకు, అంటే చర్చివాళ్లకు, రాసే దాంట్లో చేసిన సేవ, సమాధికి వచ్చిన జనం ఉండాలి. స్నేహితుడికి మాత్రం జరిగింది జరిగినట్టు రాయవచ్చు, ఎందుకంటే వాడు ఎలాగూ ఆరా తీస్తాడు. ఈ మూడు ఉత్తరాలూ ఒకదాని మొహం ఒకటి చూడకూడదని ఆయన అనేవాడు. నేను ఆ పద్ధతిని శ్రద్ధగా పాటించాను. నాకు మంచి పేరే వచ్చింది.

తొంభైల మొదట్లో నన్ను కుప్పం మార్చారు. అక్కడ ఒక చిన్న దవాఖానా, పన్నెండు మంచాలు, ఒక డాక్టరు, నేను, ఒక ఆయా, ఇంకో నలుగురు. దవాఖానా వెనక రెండు గదుల ఇంట్లో ఒక ముసలి నర్సు ఉండేది. అందరూ దొరసానమ్మ అనేవాళ్లు. ఇంగ్లండును ఆనుకుని ఉన్న వేల్స్ దేశం ఆమెది, సముద్రం ఒడ్డున చిన్న ఊరు. వయసులో ఓడెక్కి వచ్చి మదనపల్లెలో, పుంగనూరులో, చివరికి కుప్పంలో కాన్పులు చేసింది. రిటైరయ్యాక వెళ్లిపొమ్మని అందరూ అన్నారు. వెళ్లలేదు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి పొద్దున్నే వరండాలో కూర్చుని, నన్ను చూడగానే "ఏమప్పా, సంగటి తిన్న్యావా?" అని అడిగేది. తెల్లటి మొహంలోంచి మా కుప్పం తెలుగు రావడం చూసి కొత్తగా వచ్చిన రోగులు నోరు తెరిచేవాళ్లు.

విదేశీయురాలు కాబట్టి ఏటా పోలీసు ఆఫీసుకు ఆమె కాగితాలు నింపి పంపే పని నాది. అప్పుడే నేను గమనించాను. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు బార్మౌత్ అని ఉంది. దగ్గరి బంధువు అన్న చోట చెల్లెలి పేరు, అదే ఊరు. చిన్నప్పుడు చర్చిలో ఇచ్చిన కాగితంలో అబర్‌మౌ అని ఉంది. ఏటా క్రిస్మస్ ముందు ఆమెకు ఒక ఉత్తరం వచ్చేది, దాని వెనక పంపినవాళ్ల పేరు లేదు, వాళ్లు తమ ఇంటికి పెట్టుకున్న పేరూ, బెర్మో అన్న ఊరూ మాత్రం ఉండేవి. నాకు ఇందులో వింత ఏమీ తోచలేదు. నేను పుట్టింది సదుం దగ్గర పల్లెలో, బాప్తిస్మం పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లెలో. ఆమె కూడా అలాగే ఒక ఊళ్లో పుట్టి, ఇంకో ఊరి చర్చిలో పేరు రాయించుకుని, మూడో ఊళ్లో స్నేహితురాలిని పెట్టుకుని ఉంటుందనుకున్నాను. అడగలేదు. పెద్దవాళ్లను ఊరి సంగతి అడిగితే గంటసేపు చెబుతారు, నాకేమో ఎప్పుడూ పని ఉన్నట్టే ఉండేది.

ఒక వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందని డాక్టరు అన్నాడు. అంతకు ముందు ఏడాది కూడా జ్వరం వచ్చి, వారంలో లేచి కూర్చుంది, కాబట్టి ఎవరమూ కంగారు పడలేదు. మొదటి రోజు మధ్యాహ్నం నన్ను పిలిపించి ఒక చీటీ చేతిలో పెట్టింది. దాని మీద పెద్ద నంబరు.

"మా సెల్లికి ఫోను సెయ్యప్పా. అక్క పిలస్తాండాదని సెప్పు. వచ్చేది కాకపోతే మాట్లాడమను సాలు."

బస్టాండు దగ్గర విదేశాలకు ఫోను కలిపే బూత్ ఉండేది. వెళ్లాను. లైను బిజీగా ఉంది, బూత్ కుర్రాడు సాయంత్రం రమ్మన్నాడు. సాయంత్రానికి మదనపల్లె నుంచి కబురు, ఎల్లుండి తనిఖీ కమిటీ వస్తోందని. మూడేళ్లుగా సగం సగం నింపి పెట్టిన రిజిస్టర్లు నా బల్ల మీద గుట్టగా ఉన్నాయి. వాటి ముందు కూర్చుంటే ఫోను సంగతి మనసులోంచి జారిపోయింది. జారిపోయిందని ఇప్పుడు మర్యాదగా అంటున్నాను. నిజానికి రెండుసార్లు గుర్తొచ్చింది, రెండుసార్లూ ఇంకో పేజీ అయ్యాక వెళదాం అనుకున్నాను.

రెండో రోజు ఆమె అడిగింది. లైను దొరకలేదమ్మా అన్నాను. ఆయా మంచం పక్కన గిన్నె పట్టుకుని కూర్చుని నా వంక చూసింది. ఆయాకు చదువు రాదు, కానీ మనుషుల మొహాలు మా అందరికంటే బాగా చదివేది. పద్నాలుగేళ్ల వయసులో భర్త పోతే ఈ నర్సే తెచ్చుకుని పెంచిందట. అప్పటినుంచీ ఆమె నీడలోనే ఉంది.

మూడో రోజు కమిటీ వచ్చింది. వాళ్లు మజ్జిగ తాగుతుండగా, ఇప్పుడైనా పరిగెత్తి ఫోను చేసి వద్దామని జేబులో చెయ్యి పెడితే చీటీ లేదు. బల్ల సొరుగులు వెతికాను. రిజిస్టర్లన్నీ కట్టలు కట్టి కమిటీ ముందు పెట్టి ఉన్నాయి, వాళ్లెదుట విప్పదీసి వెతకలేను. ఆమెనే మళ్లీ నంబరు అడగవచ్చు. అడిగితే పోగొట్టానని తెలుస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. సాయంత్రం ఆమె గదిలోకి వెళ్లి, అడగకముందే చెప్పేశాను.

"ఫోను మోగిందమ్మా. ఎవరూ ఎత్తలేదు."

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ నాకు చెప్పడం రాదు. లైను దొరకలేదన్న మాట రెండోసారి చెప్పడానికి సిగ్గేసింది, ఇంకో మాట నోటికొచ్చింది, అంతే. ఆమె గోడవైపు తిరిగి పడుకుని అంది.

"ఎత్తదులే అప్పా. దానికి కోపం ఇంకా పోలే."

నాలుగో రోజు తెల్లవారి ఊపిరి కష్టమైంది. మదనపల్లె పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని డాక్టరు జీపు ఎక్కించాడు. వెనక ఆయా ఒళ్లో ఆమె తల, ముందు నేను. పలమనేరు దాటాం, పుంగనూరు దాటాం. దారిలో ఆమె నోట ఇంగ్లీషు మాట ఒక్కటీ రాలేదు. తన ఇంటి భాషలో ఏదో అనుకుంటూ ఉంది, అది ఇంగ్లీషు కాదని మాత్రం తెలుస్తోంది. పుంగనూరు దాటిన కొంతసేపటికి ఆయా వెనకనుంచి నా భుజం తట్టి, "నిదానంగా పోనీమను. ఇంగ తొందర లేదు" అంది.

సమాధికి మూడు ఊళ్ల జనం వచ్చారు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే వందల్లో ఉన్నారు. చెల్లెలికి ఊరి పేరుతో టెలిగ్రాం ఇచ్చి, మర్నాడు టైపు మిషను ముందు కూర్చున్నాను. మా పెద్ద గుమాస్తా నేర్పినట్టే బార్మౌత్‌లోని చెల్లెలికి ఒక ఉత్తరం కొట్టాను. మీ అక్కగారు ఏ బాధా లేకుండా నిద్రలోనే ప్రభువును చేరారని. అబర్‌మౌలోని చర్చి కార్యదర్శికి ఇంకొకటి, ఆమె చేసిన సేవ గురించి, పాడిన కీర్తనల గురించి. రెండూ ఒకే రోజు పోస్టు చేశాను.

వారం తర్వాత ఔట్‌పేషెంటు రిజిస్టరు కట్ట విప్పితే చీటీ అందులో దొరికింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఎవరికైనా చెప్పుకోవాలి. డాక్టరుకు చెబితే ఉద్యోగం, ఇంట్లో చెబితే పరువు. అప్పుడు బెర్మోలోని ఆ స్నేహితురాలు గుర్తొచ్చింది. ఏటా ఉత్తరం రాసే మనిషి, కింద సంతకం బదులు రెండక్షరాల ముద్దుపేరు పెట్టే మనిషి. బంధువు కాదు, నన్ను ఎన్నడూ చూడబోదు. స్నేహితులకు నిజం రాయవచ్చని మా గురువు చెప్పనే చెప్పాడు. చేత్తో రాశాను. ఆమె నాలుగు రోజులు చెల్లెలి కోసం అడిగింది, ఫోను చెయ్యమని నాకు చెప్పింది, నేను చెయ్యలేదు, చీటీ పోగొట్టుకున్నాను అని. చివర ఒక వాక్యం చేర్చాను. దయచేసి ఈ సంగతి ఆమె చెల్లెలికి తెలియనివ్వకండి.

ఎవరి దగ్గరనుంచీ జవాబు రాలేదు. నెలలు గడిచేకొద్దీ ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నాను.

మూడేళ్లయ్యాక, రెండువేల సంవత్సరం అటూ ఇటూ, బెంగళూరు రైలు దిగి ఒక ముసలామె కర్ర పట్టుకుని మా దవాఖానాకు వచ్చింది. చెల్లెలు. మోకాలికి ఆపరేషనై నడక వచ్చేదాకా ఆగి బయల్దేరిందట. సమాధి చూసింది, అక్క ఉన్న గది చూసింది. తర్వాత అక్క కూర్చునే వరండాలో కూర్చుని, నాతో మాట్లాడాలని అడిగింది. వెళ్లి నిలబడ్డాను. కూర్చోమంది. సంచీలోంచి మూడు కవర్లు తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. మూడింటి మీదా చిరునామా నా చేతి రాతే. ఒకదాని మొహం ఒకటి చూడకూడని ఉత్తరాలు మూడూ అక్కడ ఎండలో ఒకే వరసలో ఉన్నాయి.

"మూడూ నాకే వచ్చాయి" అందామె నిదానంగా, నాకు అర్థమయ్యేలా విడదీసి ఇంగ్లీషు మాట్లాడుతూ. "మొదటి రెండూ ఒకే రోజు తెచ్చి ఇచ్చాడు మా పోస్టుమాన్. మీ అక్కయ్య గురించి ఎవరో ఊరంతటికీ రాస్తున్నట్టుందే అన్నాడు. చర్చి కార్యదర్శిని కూడా నేనే. క్రిస్మస్‌కు ముద్దుపేరుతో రాసేదీ నేనే."

మూడు ఊళ్లు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఊరు ఒకటే. పూర్వం నది పేరుతో కలిపి చాలా పొడుగు పేరు ఉండేదట, ఆమె పలికింది గానీ నాకు నోరు తిరగలేదు. వాడగా వాడగా అది అరిగి అబర్‌మౌ అయింది, చర్చి కాగితాల్లో అదే రాస్తారు. ఇంట్లో, వీధిలో అందరూ బెర్మో అంటారు. ఓడలవాళ్లూ, ఇంగ్లీషువాళ్లూ వాళ్ల నోటికి తగ్గట్టు బార్మౌత్ అన్నారు, ప్రభుత్వం దాన్నే ఖాయం చేసింది. ఇదీ ఆమె చెప్పింది. వింటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. సదుం దగ్గర మా ఊరికి పట్టా పుస్తకంలో ఒక పేరు, బస్సు కండక్టరు అరిచేది ఇంకో పేరు, మా అవ్వ పిలిచేది మూడో పేరు. ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాడిని, ఇంకెక్కడా అలా ఉండదనుకున్నాను. దొరల ఊళ్లకు ఒకే పేరు ఉంటుందని నాకెవరు చెప్పారో.

తిడుతుందని చూశాను. తిట్టలేదు. మొదటి రెండు ఉత్తరాలనూ పక్కకు జరిపి, చేత్తో రాసినదాని మీద వేలు పెట్టింది.

"నేను నమ్మింది దీన్నే. చెల్లెలికి చెప్పవద్దని రాశారు చూడండి, అందుకు నమ్మాను. మీరు ఫోను చెయ్యనందుకు మొదట్లో మిమ్మల్ని చాలా ద్వేషించాను. ఆ నాలుగు రోజులూ నేను ఇంట్లోనే ఉన్నాను, టెలిఫోను పక్కనే. కానీ అక్క నన్ను పిలిచింది. రిటైరయ్యాక ఇంటికి రమ్మని బతిమాలితే రానంది. నేను పిచ్చికోపంతో ఇంక ఎన్నడూ అడగనని రాశాను. ఆ తర్వాత ఇద్దరం వాన గురించీ, చర్చి పైకప్పు గురించీ రాసుకున్నాం, అంతే. అయినా చివరికి నన్ను పిలిచింది కదా. మూడేళ్లుగా దాని మీదే బతుకుతున్నాను. ఆఖరిదాకా ఆమె పక్కన కూర్చున్న మనిషి ఒకామె ఉందని ఇక్కడివాళ్లు చెప్పారు. ఆమె నోట వినిపోవాలని వచ్చాను. ఆమె చెప్పింది చెప్పినట్టు నాకు ఇంగ్లీషులో చెబుతారా?"

ఆ దవాఖానాలో ఆ రోజు ఇంగ్లీషు వచ్చినవాడిని నేనొక్కడినే, డాక్టరు క్యాంపుకు వెళ్లాడు. ఆయాను పిలిచాను. ఆయా వచ్చి కింద కూర్చోబోతే ముసలామె లేపి తన పక్కన కూర్చోబెట్టుకుంది. అడగాల్సింది అడిగాను. ఆయా నా వంక చూడలేదు, ఆమె వంకే చూస్తూ చెప్పింది.

"మొదుటి దినం నించీ సెల్లీ సెల్లీ అనే ఉండె అమ్మ. పిలిపించమని ఈయప్పకి సెప్పె. మూడో దినం మాపట్నేళ ఈయప్ప వచ్చి, ఫోను మోగింది, ఎవురూ ఎత్తలేదన్న్యాడు. అమ్మ గోడ తట్టు తిరుక్కుని, ఎత్తదులే, దానికి కోపం ఇంకా పోలే అనె. ఆ పైన మల్లా అడగలే. సెల్లి మాటే ఎత్తలే. పొయ్యేదాకా ఎత్తలే."

అంత వివరంగా ఆయా ఎన్నడూ మాట్లాడలేదు. మూడేళ్లూ నాతో ఒక్క మాట అనకుండా ఈ రోజు కోసమే దాచిపెట్టుకున్నట్టు చెప్పింది. నిజం రాశాననుకున్న నా మూడో ఉత్తరంలో కూడా ఆ మాట లేదు. ఫోను చెయ్యలేదని రాశాను గానీ, మోగిందని అబద్ధం చెప్పినట్టు రాయలేదు. నాలుగు రోజులు అడిగిందని రాశాను. అడిగింది మూడు రోజులే. నాలుగో రోజు అడగలేదంటే, నేను అడగకుండా చేశాను కాబట్టి.

ముసలామె నా మొహంలోకి చూస్తోంది. చెప్పింది చెప్పినట్టు అంది. చెబితే, ఆమె మూడేళ్లుగా పట్టుకుని ఉన్న ఒక్క ఆధారమూ పోతుంది. చెల్లెలికి కోపం ఇంకా పోలేదని నమ్మే అక్క పోయిందని తెలుస్తుంది. చెప్పకపోతే నేను తప్పించుకుంటాను. ఆమె మేలూ, నా మేలూ ఒకే వైపు ఉన్నాయి. అలాంటప్పుడు మనిషి తాను ఎవరి కోసం చేస్తున్నాడో తేల్చుకోవడం కష్టం. నాకు ఇప్పటికీ తేలలేదు.

"నాలుగు రోజులూ మిమ్మల్నే అడిగిందట" అన్నాను ఇంగ్లీషులో. "చెల్లికీ నాకూ కోపాలుండేవి, ఇప్పుడు అన్నీ పోయాయి, అందట. అలా అంటూనే పోయిందట."

ఆమె మెల్లగా నవ్వింది, నవ్వుతుంటే అచ్చం అక్కలాగే ఉంది. ఆయా చేతులు రెండూ పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది. నాకు కూడా థాంక్స్ చెప్పింది. చేత్తో రాసిన ఉత్తరాన్ని సంచీలో పెట్టుకుని, మిగతా రెండూ నా వైపు తోసి, ఇవి మీరే ఉంచుకోండి అంది. సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. సామాను మోసి రైలెక్కించి వచ్చింది నేనే.

నేను స్టేషను నుంచి తిరిగి వచ్చేసరికి ఆయా వరండా తుడుస్తోంది. చీపురు ఆపకుండానే అడిగింది.

"నువ్వు సెప్పలే గదప్పా?"

"చెప్పాను అక్కా. నువ్వన్నది అన్నట్టే చెప్పాను."

"సెప్పింటే ఆయమ్మ నా సెయ్యి కండ్లకి అద్దుకోదు" అంది. ఇంకో మాట అనకుండా నీళ్ల బకెట్టు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను కుప్పంలో ఉన్న మిగతా నాలుగేళ్లూ, అవసరమైన మాట తప్ప ఆమె నాతో మాట్లాడలేదు.

ఆయా పోయింది. చెల్లెలు కూడా పోయిందని వాళ్ల చర్చి నుంచి మా డాక్టరుకు కార్డు వచ్చింది. రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో రాసి ఆ ఊరికి పంపాలని చాలాసార్లు కాగితం ముందు పెట్టుకున్నాను. ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాలేదు. ఇదిగో ఇలా తెలుగులో అయితే మొత్తం వచ్చింది. ఆ ఊళ్లో తెలుగు చదివేవాళ్లు ఒక్కరూ లేరని తెలుసు కాబట్టే వచ్చింది.